లాంచీ బొమ్మ మీద నల్లముద్ర

తపాలా ఆఫీసులో పనిచేసే ముద్రల బాబాయికి లాంచీలంటే కసి అనీ, అందుకే లాంచీ బొమ్మ స్టాంపు కనబడితే చాలు నల్లసిరా కొట్టి చంపుతాడనీ వీధంతా చెప్పుకుంది. కసి మాట అబద్ధం. కొట్టే మాట మాత్రం నిజం. ఆయన ముద్ర వేస్తే బల్ల మీది గ్లాసులో నీళ్లు ఒలికేవి, గోడ మీది బల్లి చోటు మార్చుకునేది.

దీవుల మధ్య పడవలు నడిచిన చరిత్రంతా ఆ సంవత్సరం కొత్త స్టాంపుల మీదికి ఎక్కింది. తెడ్ల పడవ, తెరచాప పడవ, పొగ పడవ, ఆఖరికి డీజిల్ లాంచీ. మొదటి మూడింటికీ బాబాయి ముద్ర మూలగా, పసిపిల్లకు చుక్క పెట్టినంత మెల్లగా తాకేది. పక్క దీవి ఉత్తరాలకు అతికే లాంచీ బొమ్మను మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. తనే అంటించి, కళ్లజోడు సర్దుకుని, ధన్‌మని మోదేవాడు. ఎప్పుడూ ఒకే చోట.

పుకారు పుట్టింది కుట్టుమిషను అక్క కొట్లో. ఆవిడ కూతురు కాపురం పక్క దీవిలోనే.

"ఏం బాబాయ్, లాంచీ నీ ఆస్తేమన్నా ముంచిందా?"

"సిరా ఎక్కువైందమ్మా."

"తెడ్ల పడవకి ఎక్కువవదేం?"

"అది చెక్క పడవ. పీల్చేసుకుంటుంది."

పుట్టింటికి వచ్చిన కూతురూ అదే గోల. "లాంచీలో సగం నలుపేనే అమ్మా. మిగిలిందల్లా ఒంటికాలి మీద గెంతే మనిషొకడు. మా వీధి పిల్లలు వాణ్ణి చూసి ఒకటే నవ్వడం. ఎవరే వాడు?"

"ఎవడో తాగుబోతు వెధవ," అంది అక్క, కొలతల టేపు మెడలో వేసుకుంటూ. "మొదటి లాంచీ కదిలిన రోజు నేనూ ఎక్కాను. అందరూ కక్కుకున్నారు. నా కడుపు కదిలించే అల ఇంకా పుట్టలేదు."

ఆ గొప్ప వినకుండా ఆ కొట్లో జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు లేరు.

ఒకసారి బాబాయి జ్వరంతో పడుకున్నాడు. ఆయన బదులు వచ్చిన గుమస్తా అమ్మాయి స్టాంపు అక్క చేతికే ఇచ్చేసింది. తడి చేయబోతూ అక్క ఆగిపోయింది. లాంచీలో, గెంతే మనిషి పక్కనే, ఒక పడుచు కడుపు పట్టుకుని వంగి ఉంది. మొదటి లాంచీ కదిలిన నాటి ఫొటో చూసి గీసిన చిత్రకారుడు ఏమీ వదల్లేదు. తెరిచిన నోరూ, ఊడిన జడా, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయిన జాకెట్టూ.

ఆ జాకెట్టు ఎవరు కుట్టారో అక్కకు ఒకరు చెప్పాలా? చేయి తిరగని రోజుల్లో తన మిషను మీద తను కుట్టిన మొట్టమొదటి జాకెట్టు అది.

చెవులదాకా వేడెక్కింది. ఉత్తరం వేయకుండానే ఇంటికొచ్చి మిషను మీద గుడ్డ కప్పేసింది. బొమ్మను తలుచుకుంటే ఒక సిగ్గు. పుకారును తలుచుకుంటే అంతకు పదింతల సిగ్గు.

బాబాయి మళ్లీ కౌంటరు వెనక కూర్చున్న రోజు అక్క అందరూ పోయేదాకా ఆగింది.

"బాబాయ్, అది నేనని నీకెప్పుడు తెలిసింది?"

"బొమ్మ చూడగానే. ఆ రోజు నీ పక్కన నిలబడ్డది నేనే కదమ్మా. నువ్వు కక్కింది నా కొత్త చెప్పుల మీదే."

అక్క తల పైకెత్తలేదు. "అయితే ఆ గెంతే మనిషి..."

"చెప్పుల్లో వెచ్చగా పడితే ఎవరైనా గెంతుతారు."

"ఊళ్లకూళ్లు నిన్ను చూసి నవ్వుతుంటే, నిన్ను నువ్వు కప్పుకోలేకపోయావా?"

బాబాయి కళ్లజోడు సర్దుకుని, ఆవిడ ఉత్తరం అందుకుని ధన్‌మనిపించాడు.

"ఉన్నది ఒక్క ముద్రే కదమ్మా. ఇద్దరికీ ఎక్కడ చాలుతుంది?"