జాడీ మూతికి కట్టిన మైనం కాగితం

మొన్న మా కోడలు ఓళిగలు, అదే బొబ్బట్లు, తట్టను అంగట్లోంచి మైనం కాగితం చుట్ట తెచ్చింది. మనవడు పుట్టినాక అక్షరాలు నేర్చినదాన్ని, డబ్బా మీది రాతంతా కూడబలుక్కుని చదివినా. వంటింట్లో దాంతో ఏమేం చేయొచ్చో రాసినారు. మా అమ్మ చేసిన పని మాత్రం అందులో లేదు.

మా పెనుకొండ ఇంట్లోకి మైనం కాగితం వచ్చిందంటే ఎవరికో జరమని అర్థం. అప్పట్లో మాకు బ్రెడ్డు తిండి కాదు, మందు. నాయన బెల్లం అమ్మేదానికి హిందూపురం పోయినప్పుడు తెచ్చేవాడు. బ్రెడ్డు రోగికి, చుట్టిన కాగితం అమ్మకు. దాని మీద ఓళిగలు తట్టేది, కడిగి గుడ్డలతో పాటు దండెం మీద ఆరేసేది. చూసినోళ్లు నవ్వేవాళ్లు. ఆరేండ్ల మా తమ్మునికి జరం విడవని ఏడాది కాగితాలు శానా వచ్చినాయి. వాడు బ్రెడ్డు ముట్టేవాడు కాదు. కాగితాన్ని దువ్వెన మీద మడతపెట్టి, పెదాలకు ఆనించి ఊదేవాడు. గుయ్యిమని తుమ్మెద మోత. "ఇంకో తుంట తినరా, ఇంకో పాట ఊదుదువు" అని అమ్మ బేరం. కడాకు వానికి ఊదే ఊపిరి లేకపోయె. పోయినాడు.

వాడు ఊదిన కాగితాన్ని అమ్మ పారేయలేదు. నిమ్మకాయ ఊరగాయ జాడీ మూతికి దారంతో బిగించి కట్టింది. జాడీ సగం ఖాళీ. ఒకనాడు అవ్వ జాడీ ఉన్న మూల నిలబడి పిల్లిని తిడతాంటే జాడీ గుయ్యిమనింది. అవ్వ నోరు ఆడనే నిలిచిపోయింది. పిల్లి మాత్రం నింపాదిగా పాలు తాగింది.

"దాన్ని పొయ్యిలో పెట్టు. పోయినోన్ని ఇంట్లో కట్టేసుకుంటావా?" అనింది అవ్వ.

"అది కాలిపోతే వాని పాట నాకు యాడ దొరుకుతాదత్తా?" అనింది అమ్మ.

బిగిసిన కాగితం దగ్గర నోరుపెట్టి మాట్లాడితే మోగుతాది, అంతే. అది నాకిప్పుడు తెలుసు, తెలిసి ఒరిగింది ఏమీలేదు. అమ్మ రోజూ వంగి "బువ్వ తింటివా నాయనా" అని అడిగేది. అది పలికేది. ఆ ఊరగాయ మేమెవరమూ అడగలేదు.

అమ్మ ధర్మవరం పుట్టింటికి పోవాల్సి వచ్చిననాడు, అవ్వ కాగితాన్ని కాల్చేస్తాదని నన్ను కాపలా పెట్టి పోయింది. మధ్యాన్నం అవ్వ పొయ్యి రాజేసింది. నేను వాకిట్లోంచి చూస్తాండా. అవ్వ వచ్చి దారం ముడి మీద చెయ్యి పెట్టింది. విప్పలేదు. జాడీ పక్కన చతికిలబడి, కాగితం దగ్గర నోరు పెట్టి, "ఏమబ్బా, అవ్వ మీద కోపమా?" అనింది. జాడీ పలికింది. పొయ్యి దానంతటదే ఆరిపోయింది. ఆ ఇంట్లో మళ్లీ కాల్చే మాట రాలేదు.

మొన్న ఓళిగలు అయినాక కోడలు కాగితాన్ని ఉండచుట్టి పారేసింది. నేను తీసి, కడిగి, ఖాళీ జాడీకి కట్టి, మా తమ్మున్ని పేరు పెట్టి పిలిచినా. గుయ్యిమనింది. నాకు ఎనభై దగ్గరికొచ్చినాయి. ఆ మోతకు ఇంకా ఆరేండ్లే.