అంచు తీగ ఆగిన చోట

ఊమాన్ అనే ఊళ్లో గుమెర్సిందో పోత్ మేస్త్రీ ఇల్లు కట్టే తీరే వేరు. పునాది తవ్వక ముందే ఖాళీ నేల మీద టైల్స్ అన్నీ ఉత్తినే పరిచి, అంచు బిళ్ల ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొట్టి పురికొస లాగేవాడు. ఆ కొసే గది కొలత. గోడ దాని వెంట లేవాలి తప్ప, గోడ కోసం బిళ్లను కొయ్యడం అతని ఇంటావంటా లేదు. మిగతా మేస్త్రీలు చివరి సందులో ముక్కలు ఇరికించి పైకి బీరువా జరిపేసేవాళ్లు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా గుమెర్సిందో ముందు ఆ బీరువా కిందకి వంగి చూసేవాడు. శవపేటిక చెయ్యమంటే పేటిక ముందు చేసి, దానికి సరిపోయే మనిషిని వెతుకుతాడని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ మాట అతనికి గొప్పగానే ఉండేది.

అతని భార్య అక్క ఎవులాలియా మొగుడు పోయాక మెరిదాలో పాత ఇల్లు అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టేలోపే హాలు గచ్చు టైల్స్ మొత్తం ఊడదీయించి, లారీలో వేయించుకుని చెల్లెలి ఊరికి వచ్చేసింది. మధ్యలో నీలం పూలు, చుట్టూ ఇటుకరంగు తీగ, నాలుగు మూలలకూ నాలుగు మూలబిళ్లలు. పసితనంలో ఆ గచ్చు మీదే పాకి, ఆ గచ్చు మీదే పెళ్లిలో ఆడిన మనిషి ఆమె. చెల్లెలి పెరట్లో ఆ గచ్చు పట్టేంత గది ఒక్కటి చాలంది.

గుమెర్సిందో టైల్స్ పరిచాడు. మూడు వైపులా గట్టి సున్నపురాయి. నాలుగో వైపు తీగ అంచు జానెడు అవతలికి పోయి, ఎంత వాన కురిసినా నీళ్లు నిలవని చోట ఆగింది. గది ఇవతలికి జరుపుదామంటే పక్కింటివాళ్ల గోడ అడ్డం.

బావులు తవ్వే నసారియో ఏక్‌ను పిలిపించారు. అతను గునపంతో రాయి మీద కొట్టుకుంటూ వచ్చి, ఆ జానెడు దగ్గర రెండోసారి కొట్టి, మూడోసారి కొట్టకుండా గునపం భుజానికెత్తుకున్నాడు.

"ఇక్కడ బండ పలకట్లేదు మేస్త్రీ. కింద గుహ ఉన్నట్టుంది. ఆ వైపు అంచు మానెయ్."

"తీగ మానేస్తే పువ్వు సగానికి తెగుద్ది."

"తెగితే పువ్వేగా."

గుమెర్సిందో వదినె వైపు చూశాడు. ఆమె బిళ్లల మీద దుమ్ము శాలువా కొసతో తుడుస్తోంది. తెగిన గచ్చు కావాలంటే మెరిదాలోనే వదిలేసి వచ్చేదాన్ని కదా అంది. ఆ మాటే అతనికి కావలసింది. తెల్లమట్టి పోసి దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు దూలం వేసి, దాని మీద గోడ లేపాడు. ఒక్క బిళ్ల కూడా కొయ్యలేదు. ఊరంతా వచ్చి చూసి వెళ్లింది. ఎవులాలియా గోడకొక్కేలకు ఊయల కట్టుకుని రాణిలా పడుకుంది.

వానలు మొదలయ్యాయి. తలుపు నేలను రాసుకోసాగింది. చేతిలోంచి జారిన నారింజపండు తనంతట తానే ఆ నాలుగో వైపు మూలకు దొర్లిపోయి ఆగేది. అక్కడి గోడ పగుల్లో కాపురమున్న చీమలు ఒకరోజు గుడ్లతో సహా బారు కట్టి బయటికి పోయాయి. నసారియో వీధిలో ఎదురైతే గుమెర్సిందో పక్క సందులోకి తప్పుకునేవాడు.

ఒక మిట్టమధ్యాహ్నం ఎవులాలియా చెల్లెలితో సంబరంగా చెప్పింది: ఊయల ఆ మూలకు మార్చుకుందట, బిళ్లల సందుల్లోంచి చల్లగాలి వస్తోందట, ఫ్యాను అక్కర్లేదట. అన్నం తింటున్న గుమెర్సిందో చెయ్యి కడగకుండానే లేచి వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని సందు మీద అరచెయ్యి పెట్టాడు. తడిరాయి వాసనతో గాలి, ఆగి ఆగి, ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు వస్తోంది.

"వదినా, లేచి బయటికి రా."

"ఎందుకు? ఎండలో మాడడానికా?"

"కింద ఏమీ లేదు."

"నీ చేత్తో వేసిన గచ్చే కదా మరిదీ. ఇవాళ కొత్తగా భయమేంటి నీకు?"

ఆమె కళ్లు మూసుకుని ఊయల ఊపుకుంది. ఊగినప్పుడల్లా కొక్కెం ఉన్న గోడ సన్నగా కిర్రుమంటోంది. బతిమాలితే వినే మనిషి కాదు. గుమెర్సిందో పెరట్లోంచి గునపం తెచ్చి, గట్టి రాయి ఉన్న వైపు కాళ్లు పెట్టి, తీగ అంచు మీద ఎత్తి వేశాడు. జీవితంలో అతను పగలగొట్టిన మొదటి బిళ్ల అది. ఎవులాలియా లేచి కూర్చుంది, తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడే పగిలిన ముక్క కిందికి జారింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. కాస్త ఆగి ఎక్కడో లోతున నీళ్ల చప్పుడు వినిపించింది. ఆమె అతని చెయ్యి పట్టుకుని, గోడ వారనే, పసిపిల్లలా అడుగులు వేసుకుంటూ బయటికి వచ్చింది.

వానకు తెల్లమట్టి అంతా గుహలోకి కరిగిపోయిందని నసారియో చెప్పాడు. వారం తిరక్కుండానే ఆ మూల, పట్టపగలు, అందరూ చూస్తుండగానే గోడతో, కొక్కెంతో, మూలబిళ్లతో సహా కిందికి దిగిపోయింది. పెద్ద మోత కూడా రాలేదు.

ఆ వైపు గోడను వెనక్కి జరిపి, గదిని చిన్నది చేసి మళ్లీ కట్టారు. ఒక వైపు పూలు సగానికి తెగే ఉన్నాయి. ఎవులాలియా దాని మాట ఎన్నడూ ఎత్తలేదు, మరిదితో మాత్రం మునుపటిలా మాట్లాడలేదు.

గుమెర్సిందో కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. తాను ఇన్నేళ్లూ కట్టిన ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లడం మొదలుపెట్టాడు. పలకరింపులయ్యాక గోడ వారగా నడుస్తూ మడమతో నేల తట్టేవాడు, తల వంచి వినేవాడు. మొదట కాఫీ ఇచ్చేవాళ్లు. తర్వాత తర్వాత అతన్ని చూసి తలుపులు వేసుకునేవాళ్లు. మందులషాపు కనూల్ ఇంట్లో మాత్రం రానిచ్చారు. ముందుగదిలో పిల్లలు బొంగరాలు ఆడుతున్నారు. గుమెర్సిందో కిటికీ కింద ఒకసారి తట్టాడు. కాస్త జరిగి మళ్లీ తట్టాడు, మూడోసారి తట్టలేదు. తర్వాత చాలా మెల్లగా, గొంతు పెంచకుండా, బొంగరాలు అక్కడే వదిలేసి తన దగ్గరికి రమ్మని పిల్లల్ని పిలిచాడు.