గోధుమరంగు గీత

మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక స్లైడు నా మైక్రోస్కోపు కింద పెట్టి, "మేడమ్, గీత సరిగ్గా రాలేదు. మళ్లీ రంగు వేయమంటారా?" అని అడిగింది. చూశాను. రంగు బాగానే పట్టింది, గీతే లేదు. ఆ మాటే చెప్పి పంపించానుగానీ, కాసేపటిదాకా ఇంకో స్లైడు ముట్టుకోలేకపోయాను. మా మేనత్త గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను గుంటూరులో పెథాలజీ పీజీ చదువుతున్నాను. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ ఎంత ఉందో చూడటం నా థీసిస్. కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండేది ఇలాంటి ప్రొటీన్ల వల్లే. ప్రత్యేకమైన రంగు వేస్తే అది కణం చుట్టూ గోధుమరంగు గీతలా కనబడుతుంది. ఆ గీత చెరిగిపోతే కణాలు పట్టు వదిలి ఒంట్లో మరోచోటికి పాకే ప్రమాదం ఎక్కువని చదువుకునేవాళ్లం. బ్రాడీపేట హాస్టల్లో ఇడ్లీ తింటూ కూడా ఆ కబుర్లే చెప్పి, స్నేహితురాళ్ల చేత తిట్లు తినేదాన్ని.

అత్తావాళ్లది గుంటూరుకు గంట దూరంలో పల్లె. మిరప, పత్తి వేసేవాళ్లు. ఆమె చేలో నుంచి అడిగితే మావయ్య ఇంట్లో నుంచి జవాబు చెప్పేవాడని మా నాన్న ఆటపట్టించేవాడు, అంత గొంతు. అలాంటి మనిషి, రొమ్ములో చేతికి తగిలిన గడ్డ గురించి మాత్రం మిరప కోతలయ్యేదాకా నోరు విప్పలేదు. నొప్పి లేదు కదా అనుకుందట. ఆపరేషన్ చేసి తీసిన గడ్డ మా డిపార్ట్‌మెంటుకే వచ్చింది.

"సొంతమనిషి స్లైడు నువ్వు చూడకూడదమ్మా" అని మా ప్రొఫెసర్ తానే కూర్చున్నారు. నేను వరండాలో నిలబడ్డాను. లోపల కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా తలుపు వైపు తిరిగేదాన్ని. చివరికి పిలిచి, "గీత చాలాచోట్ల లేదు" అన్నారు. "అంటే సార్?" అన్నాను, ఏమీ చదవనిదానిలా. "ఇలా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తిరగబెట్టొచ్చని. మీ అత్తకు ఏమవుతుందో మాత్రం ఈ గాజుముక్కకు తెలీదు." ధైర్యం చెప్పడానికే ఆ రెండో మాట అన్నారు. నాకు మొదటిదే వినబడింది.

వార్డులో అత్త నా మొహం చూసి, "నువ్వు చదివేది ఈ జబ్బేనంటగా. ఏం కనపడిందే?" అంది.

"కణాల్ని కలిపి ఉంచే బంకలాంటిది తగ్గింది అత్తా."

"తగ్గితే?"

"విడిపోయి ఇంకోచోటికి పోవచ్చు."

"పోయినయ్యా?"

"తెలీదు."

"మందులెక్కిస్తామన్నారుగా, ఎక్కించుకుంటా. ఈ బంక సంగతి మీ మావయ్యకి చెప్పమాకు. ఆయన అన్నం మానేస్తాడు."

జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. అత్త చేలోకీ వెళ్లింది. నా భయం మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. కల్లంలో మిరపకాయలు ఆరే రోజుల్లో ఆ ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. అంతమంది దగ్గులో నేను అత్త దగ్గునే వెతుక్కునేదాన్ని. అది ఘాటుకు వచ్చిందా, ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందా? ఒక ఏడాది కాయ అమ్మేశాక కూడా ఆమె దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రే తీయించాం. ఫిల్మును వెలుతురుకు పట్టుకుని నేను ఎంతకీ వదలకపోతే, డాక్టరుగారే లాక్కుని చూశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. "దగ్గితే చాలు బండెక్కిస్తంది, దీనెదురుగా దగ్గకూడదు" అని దారంతా నన్ను వెక్కిరించింది అత్త.

ఏళ్లు గడిచాయి. నేను దగ్గు వినడం మానేశాను. అప్పుడు అత్త నడుం నొప్పి అంది. పత్తి తీసి తీసి పట్టేసిందనుకున్నాం. ఎముకలోకి పాకిందని స్కానింగులో తెలిసింది. ఆ ఏడు మిరప నారు పోసే రోజుల్లో మావయ్య ఒడిలోనే పోయింది.

ఆ మధ్య ఏళ్లన్నిటినీ నేను ఆమె చావు కోసం కాపలా కాసినట్టు గడిపాను. ఆ కాలమంతా ఆమె మా మధ్య తిరుగుతూ, గట్టిగా మాట్లాడుతూ, బతికే ఉందని లెక్క తేలడానికి నాకు ఇంత వయసు పట్టింది.