మర్చిపోయానన్న బావగారు

‘‘కోచ్‌తో నేను మాట్లాడతా బావగారూ, మీరు నిశ్చింతగా ఉండండి’’ అని ఏడేళ్ల కిందట నాకు మాటిచ్చి తప్పిన మా వియ్యంకుడు పోయిన ఆదివారం పొద్దున టొరాంటోలో, ఎటోబికోలోని తన ఇంట్లో కన్నుమూశారు. కోడలు అక్కణ్ణించి ఫోన్ చేసి, ‘‘నాన్న లేరు మావయ్యా’’ అంది. కాసేపటికి అదే వార్త మా బాస్కెట్‌బాల్ అభిమానుల వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. దాని పైన ‘ఈసారి కప్పు మనదే’ అని ఎవరో పెట్టిన మెసేజ్. దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. మధ్యాహ్నం కాకుండానే ఆ చేతుల కింద ఒక ప్రశ్న: ‘శుక్రవారం గేమ్‌కి మార్కమ్ నుంచి బస్సు ఉందా?’

మన సంఘం పత్రికవాళ్లు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. కానీ పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు బతికున్నవాళ్లను వదిలిపెట్టాలన్న నియమం నేనెక్కడా చదవలేదు. చాలానే చదివాను.

ఆయన కర్నూలులో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నేను గుంటూరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఇద్దరు మనవరాళ్లు. వాళ్లకు నేను బుక్ తాత, ఆయన మఫ్లర్ తాత. ఎండాకాలంలో కూడా ఆయన మెడలో గోధుమరంగు ఉన్ని మఫ్లర్ ఉండేది. పెద్దపిల్ల ఇక్కడ కాలేజీ టీముకు ఎంపికైన నాటి నుంచీ ఆయన బస్సెక్కి ప్రతి ప్రాక్టీసుకూ వెళ్లేవారు. ఆయన వస్తే కోచ్ ఎదురొచ్చి చెయ్యి కలిపేవాడు. గేముల రోజు నాకంటే ముందే చేరి, పక్క కుర్చీ మీద ఆ మఫ్లర్ పరిచి నాకోసం ఆపేవారు.

పిల్ల ఫ్రీ త్రో వేసేటప్పుడు మాత్రం ఆయన కోర్టు వైపు చూసేవారు కాదు. తల ఇటు తిప్పి నా మొహం చూసేవారు.

‘‘పడిందా?’’

‘‘కళ్లజోడు పెట్టుకునే ఉన్నారుగా, మీరే చూడొచ్చుగా?’’

‘‘అంతమంది చూస్తుండారు కదా బావగారూ. నా చూపు బరువు కూడా పిల్ల మీద ఎందుకు?’’

అప్పట్లో నేను నవ్వాను.

ఏటా సీజన్ మొదలయ్యే ముందు మిస్సిసాగాలో ఒక బాంక్వెట్ హాలు తీసుకుంటారు. తీసుకునేది మా అబ్బాయే, అభిమానులకు వాడే పెద్ద. బంతికి పసుపు రాసి బొట్టు పెడతారు. అద్దె బస్సు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. బిర్యానీ అయ్యాక మైకు బల్లబల్లకూ తిరుగుతుంది. ఈ ఏడు ఏం జరగబోతోందో ప్రతివాళ్లూ ఒక మంచిమాట చెప్పాలి. చెడు పలకకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. వాళ్లకు కూడా వీసాలు వచ్చి, ఫోర్ నాట్ వన్ హైవే మీద తిరుగుతున్నారన్నమాట.

‘‘ఒక్క గేమ్ కూడా ఓడం సార్, రాసిపెట్టుకోండి!’’

‘‘ఫైనల్స్‌కి నేను లీవ్ అప్లై చేసేశా!’’

‘‘మన పాప ఉన్నంతవరకూ మనకు డోకా లేదు!’’

మైకు మా బావగారి దగ్గరికి వస్తే ఆయన లేచి నిలబడి ఎప్పుడూ ఒకటే అనేవారు: ‘‘పిల్లలు ఎట్లా పోయినారో అట్లే ఇంటికి రావాల.’’ హాలంతా నవ్వేది. ‘‘అంకుల్, పంపిస్తున్నది యుద్ధానికి కాదండీ!’’ అని ఎవరో ఒకరు అరిచేవారు. ఆయన కూర్చుని నా చెవిలో అనేవారు: ‘‘ఆట మొదలుగాక ముందు అందరూ గెలిచినోళ్లే బావగారూ. నాకు భయమేసేది అప్పుడే.’’ పోయిన నెల కూడా ఆ మైకులో అదే మాట అన్నారు. జనం అలాగే నవ్వారు. నేను చదివిన చరిత్రలో కోటలో దీపాలు బాగా వెలిగింది చాలాసార్లు అది పడిపోయే ముందురోజే.

ఏడేళ్ల కిందట, ఆ విందు రోజు పొద్దున, పెద్దపిల్ల మా ఇంట్లో మేడ మీంచి దిగడం చూశాను. రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. మోకాలు చూపించమంటే నవ్వి పక్కకు తప్పుకుంది. మా అబ్బాయిని అడిగితే, ‘‘ఐస్ పెడుతోంది నాన్నా. సీజన్ ముందు ఆ మాట ఎత్తకండి’’ అన్నాడు. నేను కోచ్‌ని ఎన్నడూ పలకరించినవాణ్ణి కాదు. అందుకే సాయంత్రం హాల్లో కోట్లు తగిలించే చోట బావగారిని పట్టుకుని సంగతి చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. మాటిచ్చింది అక్కడే.

మొదటి గేములో పిల్ల బంతి కోసం ఎగిరింది. కుడికాలి మీద దిగింది. ఆ చప్పుడు మా వరస దాకా వినిపించింది. పిల్ల పేరు అచ్చేసిన టీషర్టులు తొడుక్కున్న జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆమెను మోసుకుపోయాక నా వెనక ఒకడు, ‘‘అయిపోయింది మన సీజన్’’ అన్నాడు. మన సీజన్! ఆ మనిషి ఈ పత్రిక చదువుతాడు. చదవాలనే రాశాను.

ఆస్పత్రి వరండాలో బావగారిని అడిగాను: ‘‘కోచ్ ఏమన్నాడు?’’

ఆయన మఫ్లర్ కొసలు వేళ్లకు చుట్టుకున్నారు. ‘‘చెప్పలేదు బావగారూ. మర్చిపోయాను.’’

కర్నూలులో ఏ వీధికి ఏ పోస్ట్‌మాన్ వెళ్లేవాడో అప్పటికీ గడగడా చెప్పగల మనిషి!

నేను క్షమించలేదు. ఆ కాలు మళ్లీ ఆటకు పనికిరాలేదు. ఆయన మా ఇంటికి భోజనానికొస్తే ‘‘చేతులు కడుక్కోవడం గుర్తుందా?’’ అనేవాణ్ణి. పిల్లల పుట్టినరోజులకు ఫోన్ చేసి, ‘‘మీరు మర్చిపోతారేమోనని’’ అనేవాణ్ణి. ‘‘గుర్తుంది బావగారూ’’ అని మెల్లగా అనేవారు. పండక్కి ఆయన చేసి తెచ్చే బొబ్బట్లు తిన్నాను, మాట మాత్రం మెత్తబడనివ్వలేదు. చిన్నపిల్ల స్కూలు గేములకు వెళ్తే రెండు వరసలు వెనక కూర్చునేవాణ్ణి. ఆయన పక్క కుర్చీ మీద మఫ్లర్ అలాగే పరిచి ఉండేది. ఎవరైనా ఖాళీయేనా అని అడిగితే, ‘‘మా బావగారు వస్తుండారు’’ అని చెప్పేవారు.

మంగళవారం దహనం అయ్యాక పెద్దపిల్ల నన్ను కార్లో ఇంటికి తీసుకొస్తోంది. నా నోరు ఊరుకోలేదు. ‘‘మంచివాడే. కానీ ఆ ఒక్కరోజు మర్చిపోకుండా ఉంటే నీ కాలు...’’ అన్నాను. ఆమె కారు పక్కన ఒక ప్లాజాలోకి తిప్పి ఆపేసింది.

‘‘స్టాప్ ఇట్, తాతయ్యా. మఫ్లర్ తాత మర్చిపోలేదు. నేను అక్కడే ఉన్నా.’’

‘‘ఎక్కడ?’’

‘‘జిమ్‌లో. ఆయన కోచ్ రూమ్ డోర్ దాకా వెళ్లారు. డాడీ పరిగెత్తుకొచ్చి ఆపాడు. ‘మావయ్యగారూ ప్లీజ్, రెండు బస్సులు బుక్ చేశా, అందరూ పాపని చూడ్డానికే వస్తున్నారు, ఈ ఒక్క గేమ్ ఆడనివ్వండి’ అన్నాడు. ‘నేను ఆపానని నాన్నకి మాత్రం చెప్పకండి’ అన్నాడు.’’

‘‘ఆయనేమన్నారు?’’

‘‘‘సరే అల్లుడుగారూ’ అన్నారు. అంతే. నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎందుకు సరే అనాలి? నేనూ చెప్పొచ్చు, తాతయ్యా. చెప్పలేదు. అందరూ అంత హ్యాపీగా ఉన్నారు.’’

ఇక్కడ పుట్టిన పిల్లకు ఏం చెప్పను? అల్లుడి ఎదుట ఏనాడూ కాలు మీద కాలు వేసుకుని కూర్చోని మనిషి ఆయన. మన ఇళ్లలో పిల్లనిచ్చినవాడి నోరు ఎక్కడ మూతపడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక మాట దాటిస్తే కూతురి కాపురంలో ఏం రేగుతుందోనని భయం. నిజం చెబితే నేనూ నా కొడుకూ ఒక ఇంట్లో ఉండలేమని కూడా ఆయనకు తెలుసు. అందుకని ఏడేళ్లు నా చేత తిట్లు తిన్నారు. తిట్టనిచ్చారు. అంత మర్యాద నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అంత మర్యాద అవసరమా అని ఆయన్నే అడగాలని ఉంది.

ఈ ఏడు చిన్నపిల్ల అదే టీములో చేరింది. నిన్న పొద్దున అది మేడ మీంచి దిగింది. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి.

ఈసారి నేనెవరి చేతా మాట తీసుకోలేదు. ఈ రోజు నేనే బస్సులు మారి జిమ్‌కు వెళ్లాను. నాకొచ్చిన ఇంగ్లిషులో కోచ్‌కి అంతా చెప్పాను. అతను శ్రద్ధగానే విని, పిల్లను పిలిచి మోకాలి సంగతి అడిగాడు. పిల్ల అతని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. పైన కుర్చీల మధ్య టీషర్టుల అట్టపెట్టెలు విప్పుతున్న వాళ్ల నాన్న వైపు చూసింది. వాడు నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు.

‘‘ఐయామ్ ఫైన్, కోచ్’’ అంది.

కోచ్ నా భుజం తట్టి, రేపు ఆటకు ముందు ఫిజియో చూస్తుందన్నాడు. ఆమె కూడా ఈ పిల్లనే అడుగుతుంది. ఈ పిల్ల ఇదే చెబుతుంది.

మా అబ్బాయి మెట్లు దిగి వచ్చాడు. ‘‘ఏంటి నాన్నా ఇది? మావయ్యగారు పోయి వారం కూడా కాలేదు. రేపటి గేమ్ ఆయన కోసమే గెలుస్తున్నాం. ఇవాళ అపశకునం మాటలు ఎందుకు?’’ అని ఒక టీషర్టు విప్పి చూపించాడు. వెనక వైపు మఫ్లర్‌తో నవ్వుతున్న బావగారి ఫొటో ఉంది. మూడు బస్సులు వస్తున్నాయట.

ఇది మీ చేతికి వచ్చేసరికి ఆ గేమ్ అయిపోయి ఉంటుంది. ఏమైందో మీకు తెలిసి ఉంటుంది, నాకు ఇంకా తెలియదు. కోడలినడిగి ఆ మఫ్లర్ తెచ్చుకున్నాను. రేపు అందరికంటే ముందు వెళ్లి పక్క కుర్చీ మీద పరుస్తాను. ఎవరైనా ఖాళీయేనా అంటే, మా బావగారు వస్తున్నారని చెబుతాను. చిన్నది ఎగిరినప్పుడల్లా తల అటు తిప్పుకుని ఆ మఫ్లర్‌ను చూస్తాను, కింద పాదాలు ఆనిన చప్పుడు వినిపించేదాకా. చుట్టూ అన్ని వీపుల మీదా ఆయన నవ్వుతూ ఉంటారు. పెద్దదాని కాలు పోయింది ‘మర్చిపోయాను’ అన్న ఆ మనిషి వల్ల కాదు. రేపు ఏం జరిగినా అదీ ఆయన వల్ల కాదు. నా కొడుకు వల్ల.