రెండు మిల్లీమీటర్లు బక్కచిక్కిన విమానం

పోయినవి ముందు రాస్తాను. విమానం మొండెం లావులో రెండు మిల్లీమీటర్లు. పైలట్ కిటికీ ఒకటి. కిట్‌లో రెండిచ్చారు కాబట్టి బతికాను. చాకు మొనలు నాలుగు. ఆదివారం పొద్దుటిపూటలు పదకొండు. వీటిని నష్టం కింద వేయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

లింగంపల్లిలో మేం కిరాయికి ఉండే ఇంటి యజమాని విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన ఏళ్ల తరబడి బాగుచేసిన రెండు ఇంజన్ల రవాణా విమానానికి నమూనా కిట్ ఒకటి బీరువాలో దాచుకున్నాడు. ఇప్పుడది ఎక్కడా దొరకదు. చేతులు వణకడం మొదలయ్యాక దాన్ని నాకిచ్చాడు.

"నాతోని అయితలేదు తమ్మీ. నువ్వు లెక్కల మనిషివి. నా కండ్లు మంచిగున్నప్పుడే దీన్ని నిలబెట్టు."

నేను రాయదుర్గంలో లేచే టవర్లకు ఇటుక, ప్లాస్టరింగు కొలతలు వేస్తాను. కాలేజీలో చదివింది కాదు, మేస్త్రీల వెనక తిరిగి నేర్చింది. కిట్ పెట్టె తెరిస్తే విడి భాగాలేవీ లేవు. మూడు తెల్లటి ప్లాస్టిక్ షీట్లు, కిటికీలకు గాజులాంటి చిన్న షీటొకటి. వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తే ఆకారం వచ్చినవి. విమానం సగాలు వాటి మీద ఉబ్బి ఉన్నాయి. మనమే కోసి తీయాలి. షీటు మందం ఒక మిల్లీమీటరు. కోసిన సగాన్ని అద్దానికి అంటించిన ఉప్పుకాగితం మీద రుద్ది, అడుగున ఆ మందాన్ని పోగొట్టాలి.

నేను కోసేటప్పుడే ఆ మిల్లీమీటరు తగ్గించి గీత గీశాను. తర్వాత, కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో రాసుంది కదా అని మళ్లీ అంతా రుద్దాను. గోడ కొలతలో తలుపు ఖాళీని రెండుసార్లు తీసేసినందుకు సైట్లో ఎంతమందిని తిట్టానో! రెండు సగాలు కలిపి స్కేలు పెట్టి చూస్తే రెండు మిల్లీమీటర్లు తక్కువ.

కిందికి తీసుకెళ్లి చూపించాను. ముందు నవ్వింది ఆయన భార్య.

"లెక్కల సారు ఇమానాన్ని ఉపాసం పండబెట్టిండు!"

"నువ్వు జర ఊకో," అన్నాడాయన. సగాలను వెలుతురుకు పట్టి చూశాడు. "ఫికర్ జేయకు తమ్మీ. అసలు ఇమానానికే ఎన్ని అతుకులేసినమో నీకేమెర్క! కోసిన తుక్కు పారేసినవా?"

"లేదన్నా."

"ఇగ ఏంది మరి? ఎంత తీసినవో అంత పెట్టు."

అదే షీటు, అదే మందం. మిగిలిన తుక్కులోంచి సన్నటి పట్టీలు కోసి, ఒక్కో సగం అంచుకు ఒకటి అంటించి, ఆరాక రుద్దాను. ఈసారి స్కేలు సరిగ్గా చూపించింది. ఆయన అతుకు మీద వేలు పెట్టి ముక్కు నుంచి తోక దాకా పోనిచ్చాడు. వేలు ఎక్కడా ఆగలేదు.

రెక్కలు, తోక అతికాయి. చక్రాలు కిట్‌లో లేకపోతే చొక్కా గుండీలు అరగదీసి చేశాను. ఇప్పుడు విమానం ఆయన టీవీ పక్కన తన కాళ్ల మీద నిలబడింది. ప్రొపెల్లర్లు కూడా సొంతంగా చేయాల్సినవే. ఇంజనుకు మూడు బ్లేడ్ల చొప్పున ఆరు. ఒక్కోటి చెక్కి తీసుకెళ్తే, ఆయన కన్ను చికిలించి దాని మెలిక చూస్తాడు.

"ఇది గాలిని కోయది. ఇంకోటి జెయ్."

"బొమ్మే కదా అన్నా!"

"నీకు బొమ్మ. నాకు కాదు."

తొమ్మిది చెక్కాను. నాలుగు పాసయ్యాయి. ఈ రోజుకి నేను ఆయనకు బాకీ రెండు.