కాపీ కాని సగం

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. జనగామలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ లెక్కలు చెబుతాను. యంత్రం మనం చెప్పిందే చేస్తుంది, సొంత తెలివి చూపించదు అని రోజూ వాళ్ల బుర్రల్లోకి ఎక్కిస్తుంటాను. ఇది రాస్తుంటే మాత్రం ఒళ్లు జలదరిస్తోంది. భయంతో కాదు, సంబరంతో!

మాది మహబూబాబాద్ దగ్గర తండా. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే అమ్మమ్మ పోయింది. ఆమె చేతి కుట్టున్న చదరపు గుడ్డ ఒక్కటే మిగిలింది. అందులోనూ మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే కిందికొచ్చే సగంలో దారాలు ఊడిపోతే, దాని మీద ఎవరో అతుకు వేసేశారు. ఆ సగాన్ని మళ్లీ కుట్టాలని అమ్మ ఆశ. అక్కడ ఏ బొమ్మ ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

రెండు సగాలూ ఒకేలా ఉండి ఉంటాయి, అదెంత పని అని నేను గొప్పలు పోయాను. ఒక్కో కుట్టుకు ఒక గడి, ఒక్కో రంగుకు ఒక అంకె వేస్తే గుడ్డంతా ఒక మాట్రిక్స్, అంటే అంకెల పట్టిక. కంప్యూటర్‌లోని లెక్కల లైబ్రరీలో పై సగాన్ని మాత్రమే కాపీ చేసే రొటీన్, అంటే ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం, ఉంది. దాన్ని ట్రాన్స్‌పోజ్ చేస్తే, అంటే అడ్డువరుసల్ని నిలువుగా తిప్పితే, కింది సగం అద్దంలో బొమ్మలా వచ్చేస్తుంది.

ఆదివారం పొద్దున అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం నడిపాను. తెర మీద గుడ్డ నిండుగా వచ్చింది. కింది సగం మాత్రం పై సగంలా లేదు. పసుపు గళ్ల మధ్య కోడిపాదంలా మూడు ఎర్ర గీతలు.

అమ్మ లేచి నిలబడింది. "గిదే. మా యాడి కుట్టింది గిదే," అంది. తండా భాషలో అమ్మను యాడి అంటాం, మిగతా మాటల్ని తెలుగులో రాస్తున్నాను.

తెర మీది బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి, కోడ్ చూశాను. ట్రాన్స్‌పోజ్ లైను రాయడమే మర్చిపోయాను! అంటే కింది సగంలో నేనేమీ నింపలేదు. అక్కడ మెమరీలో మిగిలిపోయిన చెత్త అంకెలే కనిపించాలి. మళ్లీ నడిపితే చెత్తే వచ్చింది, ఎన్నిసార్లు నడిపినా అంతే. లైను చేర్చి నడిపితే అచ్చం పై సగంలాంటి బొమ్మే వచ్చింది. ఇది కాదని అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆశ కొద్దీ అలా అనిపించిందిలే అనుకున్నాను. అమ్మ వినలేదు, కుట్టడానికని అతుకు విప్పేసింది. కింద పాత గుడ్డ మీద సూది బెజ్జాలు అలాగే ఉన్నాయి. కిటికీ వెలుగుకు పెట్టి ఫొటోతో పోల్చాం. మూడు గీతలూ ఉన్నాయి, ఒక్క బెజ్జం తేడా లేదు. నేను ఎగిరి గంతేశాను.

నాతో పనిచేసే భూపాలపల్లి అన్నకు చెబితే, పాత బొమ్మ ఏదో మెమరీలో మిగిలి ఉంటుందన్నాడు. ఆ అతుకు కింద ఏముందో ఎవరూ చూడందే ఆ బొమ్మ నా కంప్యూటర్‌లోకి ఎట్లా వస్తుందని అడిగాను.

అమ్మకు ఏ అనుమానమూ లేదు. సూదిలోకి ఎర్రదారం ఎక్కిస్తూ మెల్లగా చెప్పింది. "నాకు నేర్పకుండనే పోయింది బిడ్డా. గిప్పుడొచ్చి నేర్పింది."

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసేదాకా ఆగలేక, నేనూ ఒక సూది అడిగి ఆమె పక్కన కూర్చున్నాను.