రాక్షసి మారిపోయిన కథ

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, ఎవరో కిటికీలోంచి సీటు మీదికి విసిరిన టవల్ పక్కకు తీసి నా కూతుర్ని కూర్చోబెట్టినాను. పక్కన నేను కూర్చున్నాను. టవల్ వేసిన పెద్దామె లోపలికొచ్చి నన్ను తినేసేట్టు చూసింది.

"గుడ్డ ఏస్తే సీటు సొంతమైపోతుందా?" అన్నాను.

ఆమె పాపను నా ఒళ్లోకి నెట్టేసి కిటికీ పక్కన కూర్చుంది.

నాకు కోపం దిగలేదు. ఆమెకు వినపడాలనే పాపకు గట్టిగా కథ చెప్పినాను. పిల్లల్ని ఎత్తుకుపోయి తినే రాక్షసిని ఒక చిన్నపిల్ల భయపడకుండా ముద్దు పెట్టుకుంది. రాక్షసి మనసు కరిగి మంచిదైపోయింది. ఊరంతా పండగ చేసుకున్నారు.

"ప్రేమగా ఉంటే ఎట్లాంటోళ్లయినా మారతారు" అన్నాను, ఆమె వైపే చూస్తూ.

"ఊరంతానా?" అందామె. "అది తినేసిన పిల్లోళ్ల తల్లులు గూడానా?"

"ఇది పిల్లల కథ."

"అయితే ఆ పిల్లోళ్ల కథ సెప్పు."

ఆమె కిటికీ వైపు తిరిగి టవల్ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎమ్మిగనూరులో అట్లాగే దిగిపోయింది.

సీటు విషయంలో ఇప్పటికీ న్యాయం నాదే. పాప ఇంకా ఆ కథే కావాలంటుంది. కథలో పండగ దగ్గరికి రాగానే మాత్రం నన్ను ఆపి, "ఎవరెవరు రాలేదు?" అని అడుగుతుంది.